కొట్టం గోడకు అవతల

మొన్న మంగళవారం ఆఫీసులో లంచ్ చేస్తుంటే, నా ఎదురుగా కూర్చునే కుర్రాడు శాండ్‌విచ్ నములుతూ ఒక మాట అడిగాడు. ఇంకో రెండు వారాల్లో టర్కీ కోళ్ళ వేట సీజన్ మొదలవుతుందట. కొత్త షాట్‌గన్ కొన్నాడట. వేటకి వెళ్ళేముందు ఒకసారి కాల్చి చూసుకోవాలి, ఎక్కడా చోటు దొరకడం లేదు, మీవాళ్ళలో ఊరి బయట జాగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నాడు. "మీ ఇండియన్ డాక్టర్లకి ఎకరాలకెకరాలు ఉంటాయి కదా" అని నవ్వాడు కూడా.

లేదు అనేస్తే సరిపోయేది. అనలేకపోయాను. పెరుగన్నం ముద్ద గొంతుకి అడ్డంపడి, కళ్ళనీళ్ళు కారేదాకా దగ్గాను. వాడు కంగారుపడి లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఏ పుండు మీద వేలు పెట్టాడో వాడికేం తెలుసు పాపం.

ఈ సంగతి నేను ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. దొంగమొహాన్ని, చెప్పకుండానే పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, గుళ్ళో కొబ్బరికాయలు కొట్టాను.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మిషిగన్‌లో ఉండేవాళ్ళం. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. నాన్నది వరంగల్ వైపు, అమ్మది బెజవాడ. ఇంట్లో రెండు రకాల తెలుగు వినబడేది, గెలుపు మాత్రం ఎప్పుడూ బెజవాడదే. శని, ఆదివారాల్లో ఎవరో ఒకరింట్లో, తలో వంటకం తెచ్చుకుని, పాట్‌లక్. బేస్‌మెంట్‌లో మగవాళ్ళంతా చుట్టూ కూర్చుని గ్రీన్ కార్డ్, లేఆఫ్, ప్రయారిటీ డేట్ అంటూ ఒకటే గోల. మెట్ల కింద పిల్లలం అల్యూమినియం ట్రేలో పులిహోర లోంచి జీడిపప్పులు ఏరుకుని తినేవాళ్ళం. ఆ చింతపండు, ఇంగువ వాసన, తడిసిన స్నో బూట్ల వాసన కలిసి వచ్చేది. ఇప్పుడు అలాంటి బేస్‌మెంట్లూ లేవు, ఆ మనుషులూ తలో దిక్కు అయిపోయారు.

ఆ ఏడాది నాన్నకి ఒక స్నేహితుడు దొరికాడు. ప్లాంట్‌లో ముప్ఫయ్యేళ్ళుగా పనిచేస్తున్న అమెరికన్ పెద్దాయన. తెల్ల గడ్డం, మోటు చేతులు. నాన్న ఈ దేశం వచ్చాక ఆఫీసులో ఒక మనిషి "మాతో రా" అని పిలవడం అదే మొదలు. వసంతంలో టర్కీ కోళ్ళ వేటకి వెళ్దాం, హంటింగ్ క్లాస్‌కి వెళ్ళి లైసెన్స్ తీసుకో, తుపాకి నేనిస్తాను అన్నాడట. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే ఆ సంగతి చెప్పాడు.

గొడవేమిటంటే నాన్న అక్కడ కోతలు కోసేశాడు. మా నాయన కౌజుపిట్టల్ని కొట్టేవాడు, నేను చిన్నప్పట్నించి తుపాకి పట్టినవాణ్ణే అని. నాన్న తుపాకి ముట్టుకున్నది కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ పుణ్యమా అని రెండుసార్లు. ఆ రెండుసార్లూ గురి ఎటు పోయిందో దేవుడికే తెలియాలి.

టర్కీ కోడిని కొట్టడం అంటే ఆషామాషీ కాదట. ఒంటినిండా దట్టంగా ఈకలు. తలకో మెడకో తగిలితేనే పడుతుంది. షాట్‌గన్ తూటా పేలిందంటే అందులోంచి వందల కొద్దీ చిన్న చిన్న సీసపు గుండ్లు చెదురుతూ పోతాయి. నలభై గజాల దూరంలో అవి ఎంత మేర చెదురుతున్నాయో, తల దగ్గర ఎన్ని పడుతున్నాయో, సీజనుకి ముందే పెద్ద కాగితం మీద కాల్చి చూసుకోవాలి. చూసుకోకుండా వెళ్తే పక్షి ఊరికే గాయపడి ఎక్కడో పొదల్లో పడి చస్తుంది, అంత పాపం ఇంకోటి లేదు అని పెద్దాయన గట్టిగా చెప్పాడట. వచ్చే నెలలో ఒక ఆదివారం మా తుపాకీ క్లబ్బుకి రా, అందరి ముందూ కాల్చి చూపించు అన్నాడట.

అందరి ముందూ! నాన్నకి చెమటలు పట్టాయి. అంతకుముందే ఎక్కడైనా ఎవరూ చూడకుండా కాల్చి నేర్చుకోవాలి. అందరూ వచ్చి తుపాకులు కాల్చుకునే పబ్లిక్ రేంజ్‌కి వెళ్ళాలంటే భయం. టీవీలో కూలిన టవర్లని ఇంకా చూపిస్తూనే ఉన్న రోజులవి. గ్యాస్ స్టేషన్‌లో కూడా మమ్మల్ని ఎగాదిగా చూసేవాళ్ళు.

"మన మొహాలకి తుపాకి ఒక్కటే తక్కువైందా? నెక్స్ట్ మంత్ గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ పెట్టుకుని ఈ వేషాలేంటండీ? పోలీసు ఆపితే ఏం చెప్తారు, కోడి కోసం అని చెప్తారా?" అని అమ్మ గరిటె పట్టుకుని మరీ అడిగింది.

"లైసెన్స్ ఉన్నది కదనే. నేనేమన్న దొంగతనం జేస్తున్ననా?" అన్నాడు నాన్న. అని, పెద్దాయన ఇచ్చిన తుపాకిని తీసుకెళ్ళి గరాజ్‌లో మంచు తోసే పారల వెనకాల దాచాడు.

ఒక శనివారం లైబ్రరీకి అని చెప్పి నన్ను వెంటపెట్టుకుని బయల్దేరాడు. నేను పక్కనుంటే చూసేవాళ్ళకి అనుమానం రాదని ఆయన తెలివి. అడవి దాకా వెళ్ళాం. బోర్డు మీద ఇక్కడ కాల్చకూడదని రాసి ఉంది. ఇంకొంచెం లోపలికి వెళ్తే, రెండు కుక్కల్ని నడిపిస్తున్న ఒకావిడ నాన్న చేతిలో పొడుగాటి సంచీ కేసి చూస్తూ ఆగిపోయింది. నాన్న ఇకిలిస్తూ "ఫిషింగ్" అన్నాడు. చుట్టుపక్కల మైళ్ళ దూరంలో చెరువు లేదు. ఇద్దరం వెనక్కి తిరిగి కారు దాకా పరుగులాంటి నడక నడిచాం. అక్కణ్ణించి ఎవరో చెప్పిన కంకర గుంటకి వెళ్తే, అక్కడ కుర్రాళ్ళు మోటర్‌బైకులు తిప్పుతున్నారు. నాన్న స్టీరింగ్ మీద తల ఆనించి, "ఇంత పెద్ద దేశంల ఒక్క కాయితం కాల్చనీకి జాగ లేదారా" అన్నాడు.

ఆ మాటకి నాకు జాలేసింది. "గుడి ల్యాండ్ ఉంది కదా నాన్నా. శనివారం పంతులుగారు అక్కడ ఉండరు" అన్నాను.

ఆ మాట అన్నది నేను. నాన్నకి తట్టలేదు, నేనే అందించాను.

మావాళ్ళూ, ఉత్తరాది వాళ్ళూ కలిసి ఒక గుడి కట్టాలని ఊరి బయట పాత వ్యవసాయ ఫామ్ ఒకటి తీసుకున్నారు. అప్పటికింకా గుడి లేదు. శని, ఆదివారాల్లో పూజలన్నీ ఊళ్ళో అద్దె హాల్లో జరిగేవి. ఫామ్‌లో ఉన్నవి రెండే, ఒక పాత చెక్క ఇల్లు, దానికి కాస్త దూరంలో గుర్రాలు కట్టుకునే పెద్ద చెక్క కొట్టం. ఆ ఇంట్లో పంతులుగారు ఒక్కరే ఉండేవారు. గోదావరి జిల్లా మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పంచె మీద స్వెట్టరు, స్వెట్టరు మీద మందపాటి పార్కా కోటు, కాళ్ళకి ఎవరో ఇచ్చిన స్నో బూట్లు. భార్య, చిన్న కూతురు ఇండియాలో ఉన్నారు. గుడి కమిటీ స్పాన్సర్ చేసిన వీసా మీద ఆయన వచ్చారు, వాళ్ళని కూడా తీసుకురావాలని ఎదురుచూస్తున్నారు.

ఆయనకి గురువారం గురువారం కూరగాయలూ పెరుగూ ఇచ్చిరావడం అమ్మ వంతు. అందుకని గేటు గొలుసు తాళంచెవి ఒకటి మా వంటింట్లో మేకుకి వేలాడేది. అమ్మ ఫ్రిజ్ సర్దుతుంటే నేను ఆయన దగ్గర శ్లోకాలు నేర్చుకునేదాన్ని. శ్లోకాలకంటే కబుర్లు ఎక్కువ. నైవేద్యం గిన్నెలోంచి నేను కిస్మిస్ కాజేస్తే చూసీ చూడనట్టు ఊరుకుని, ఆఖర్న "ఏమ్మా చిన్న అమ్మవారూ, ఆరగింపు అయిందా?" అనేవారు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. వచ్చిన ఉత్తరాలన్నీ నాచేత చదివించుకునేవారు. భార్యాపిల్లల వీసా ఫారాలు కూడా నాచేతే నింపించారు. "అమెరికా సంగతులు మా అమ్మడికి తెలిసినట్టు ఆ లాయరుకి కూడా తెలీవండీ" అని అమ్మతో గొప్పగా చెప్పేవారు. నేను పొంగిపోయేదాన్ని.

ఆ చలికాలంలోనే ఇండియా నుంచి అమ్మవారి పాలరాతి విగ్రహం వచ్చింది. పెద్ద చెక్క పెట్టె. కొట్టంలో తూర్పు గోడ పక్కన దింపించారు. ప్రతిష్ఠ దాకా పెట్టె తెరవడానికి వీల్లేదని కమిటీ చైర్మన్ డాక్టరుగారు ఆర్డరు వేశారు. ఒకనాడు పంతులుగారు నన్ను కొట్టంలోకి పిలిచి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని, గోడకీ పెట్టెకీ మధ్య సందులోకి తీసుకెళ్ళారు. తలుపులోంచి వచ్చేవాళ్ళకి కనబడకుండా, గోడ వైపు నుంచి పెట్టె చెక్కలు మూడు ఊడదీసి పెట్టుకున్నారు. ఎండుగడ్డి మధ్యలో అమ్మవారు గోడకేసి చూస్తూ నిలబడి ఉంది. కళ్ళకి పసుపు గుడ్డ కట్టి ఉంది. అభయమిస్తున్న కుడి చెయ్యి, సన్నటి వేళ్ళు. పాదాల దగ్గర చిన్న బెల్లం ముక్క.

"ప్రాణప్రతిష్ఠ కాకుండా నైవేద్యం ఏంటని శాస్త్రం అడుగుద్దమ్మా, నాకు తెలుసు. కానీ అమ్మవారిని పార్సిల్‌లా మూల పడేసి నేను మెతుకు ఎలా మింగను? మనసొప్పదు" అన్నారు పంతులుగారు. కొట్టమంతా పాత గుర్రాల వాసన, గడ్డి వాసన, మధ్యలో ఆ పసుపు వాసన.

మేం అడవీ, కంకర గుంటా తిరిగొచ్చిన మరుసటి శనివారం పంతులుగారు ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళారు. అమ్మ అక్కడ వంటకి సాయం వెళ్ళింది. నేను మేకుమీది తాళంచెవి తీశాను. నాన్న తుపాకి తీశాడు.

మంచు కరిగి నేలంతా బురద బురదగా ఉంది. నాన్న ఇంజనీరు కదా, అన్నీ లెక్క ప్రకారం చూశాడు. అటువైపు రోడ్డు, ఇటువైపు పక్కవాళ్ళ ఇళ్ళు. కాబట్టి కొట్టం గోడకి కాగితం కొట్టి కాలిస్తే గుండ్లు బయటికి పోవు, ఎవరికీ ప్రమాదం ఉండదు అన్నాడు. ఆఫీసు నుంచి తెచ్చిన పెద్ద డ్రాయింగు కాగితం వెనకవైపు టర్కీ కోడి తల నేనే గీశాను. సరదాకి మీసాలు కూడా పెట్టాను. నాన్న మేకులూ సుత్తీ పట్టుకుని గోడ దగ్గరికి నడిచాడు.

అది తూర్పు గోడ.

ఆ గోడకి అవతల ఏముందో నాకు తెలుసు. నాన్నకి తెలియదు. పెట్టె కొట్టంలో ఎక్కడో ఉందని తెలుసేమో కానీ ఈ గోడకి ఆనుకునే ఉందనీ, ఇటువైపు చెక్కలు లేవనీ తెలియదు.

"నాన్నా" అన్నాను.

"ఏంది బిడ్డా?"

"ఏం లేదు."

ఎందుకు అలా అన్నానని కొన్ని వేలసార్లు నన్ను నేను అడిగి ఉంటాను. పంతులుగారికి ఒట్టు వేశాను కాబట్టి అని ఒకప్పుడు సర్దిచెప్పుకున్నాను. గోడ మందంగా ఉందనుకున్నానని ఇంకొకప్పుడు. అవన్నీ తర్వాత అల్లుకున్నవి. నాకు ఆ తుపాకి పేలడం చూడాలని ఉంది. చెబితే నాన్న మానేస్తాడు. అంతే సంగతి.

నాన్న నలభై అంగలు పొడుగ్గా వేసుకుంటూ వెనక్కి వచ్చి, తుపాకి భుజానికి ఆనించాడు. నేను చెవులు మూసుకున్నాను. మొదటి దెబ్బకి నాన్న రెండడుగులు వెనక్కి తూలాడు. కాగితం చెక్కుచెదరలేదు. దాని పక్కన గోడమీంచి చెక్క పేళ్ళు లేచాయి. దీపావళి వాసన వేసింది. నాన్న భుజం రుద్దుకుంటూ పకపకా నవ్వాడు. రెండోది కాగితం అంచుకి తగిలింది. మూడోదానికి టర్కీ తలమీదా మెడమీదా కలిపి పదకొండు చిల్లులు. ఇద్దరం ఆ కాగితం చుట్టూ గంతులేశాం. నాన్నని అంత సంతోషంగా నేను ఈ దేశంలో అంతకుముందు చూడలేదు.

పోయేముందు నాన్న గోడని ఒకసారి తడిమి చూశాడు. చెక్క పుచ్చిపోయి, అప్పటికే చిల్లులు పడి ఉంది. "పాత చెక్క. వడ్రంగిపిట్టలు పొడిచినయి అనుకుంటరు, ఎవడు జూస్తడు" అన్నాడు. తూటాల డొల్లలు ఏరుకున్నాం. దారిలో నాకు ఫ్రెంచ్ ఫ్రైస్ కొనిపెట్టాడు, అమ్మకి చెప్పొద్దని.

గురువారం ఎప్పటిలాగే అమ్మతో వెళ్ళాను. పంతులుగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అమ్మ వంటింట్లో ఉండగా నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళారు. అమ్మవారి కుడిచేతి చిటికెనవేలు చివర లేదు. గోరంత ముక్క. ఆ ముక్కని గడ్డిలోంచి వెతికి తీసి, పట్టుగుడ్డలో చుట్టి పెట్టుకున్నారు.

"నాలుగు రోజులబట్టి చూస్తున్నాను తల్లీ. మొన్న వ్రతానికి వెళ్ళేముందు చెక్కలు ఇంకాస్త ఎడం చేద్దామని సుత్తితో కొట్టాను. నాకు తగిలినట్టు అనిపించలేదు. కానీ..." అని ఆగి, అరచెయ్యి చాపారు. అందులో చిన్న బూడిదరంగు పూస. "ఇది గడ్డిలో దొరికింది. ఇదేంటమ్మడూ? నీకు తెలుస్తుంది."

చూడగానే తెలిసింది. 

"ప్యాకింగ్‌లో వేస్తారండీ. తేమ పట్టకుండా. చెప్పుల పెట్టెల్లో కూడా వస్తాయి" అన్నాను. ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఎక్కడ నేర్చుకున్నానో అంత బాగా అబద్ధం ఆడటం.

"ఓహో" అన్నారాయన. ఆ పూసని నా చేతిలో పెట్టేశారు. తర్వాత తన కుడిచేతిని కాసేపు తిప్పి తిప్పి చూసుకున్నారు. "అయితే నా చెయ్యే తల్లీ. ఇంకెవరు వస్తారిక్కడికి."

"ఎవరికీ చెప్పకండి. అంత చిన్నది ఎవరికి కనబడుతుంది?" అన్నాను.

"తప్పు. భిన్నమైన విగ్రహం పూజకి పనికిరాదు. తెలిసి దాచి ప్రతిష్ఠ చేయిస్తే ఇంతమందికీ కీడు చేసినవాణ్ణవుతాను" అన్నారు. ఆ సాయంత్రమే డాక్టరుగారికి ఫోన్ చేసి, తెరవొద్దన్న పెట్టె తెరిచాననీ, అమ్మవారి వేలు విరిగిందనీ ఆయనే చెప్పేశారు.

ఆదివారం హారతి అయ్యాక హాల్లో కమిటీ కూర్చుంది. కర్పూరం వాసన ఇంకా పోలేదు. నాన్న కమిటీ మెంబరు, రెండో వరసలో ఉన్నాడు. నేను ప్రసాదం పేపర్ ప్లేట్లు సర్దుతూ నిలబడ్డాను. పంతులుగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"తెరవొద్దని నేను క్లియర్‌గా చెప్పానా లేదా?" అన్నారు డాక్టరుగారు.

"చెప్పారండి."

"మరి ఎందుకు ఓపెన్ చేశారు? ఎవరికీ కనపడకుండా తూర్పు గోడ వైపు నుంచి చెక్కలు ఊడదీస్తారా? అంత దొంగతనంగా చేయాల్సిన పనేంటి?"

తూర్పు గోడ అన్న మాట దగ్గర నాన్న తల ఎత్తాడు. ముందు డాక్టరుగారి వైపు, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. నేను తల దించుకుని ప్లేట్లు లెక్కపెట్టాను. నాన్న నోరు తెరుస్తాడని ఎదురుచూశాను. తెరవకూడదని కూడా గట్టిగా మొక్కుకున్నాను.

నాన్న నోరు తెరవలేదు.

ఇంటికొచ్చాక గరాజ్‌లో నన్ను నిలబెట్టి, "పెట్టె ఆడ ఉన్నదని నీకు ఎరుకేనా?" అని అడిగాడు. తెలుసన్నాను. పంతులుగారు చూపించిన పూస గురించి కూడా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. బొంత వేసిన పాత కుర్చీలో కూలబడ్డాడు. "పోలీసు కేసయితది బిడ్డా. గుడి, తుపాకి, మన పేరు. ఇంటర్వ్యూల అడుగుతరు. ఇన్నేండ్ల కష్టం పోతది. కార్డు చేతికొచ్చినంక నేనే పోయి చెప్త, కాళ్ళు మొక్కి చెప్త" అన్నాడు. తుపాకిని మర్నాడే తిరిగి ఇచ్చేశాడు. నడుం పట్టేసిందని పెద్దాయనకి చెప్పి, క్లబ్బుకీ వెళ్ళలేదు, వేటకీ వెళ్ళలేదు.

తర్వాతి గురువారం పంతులుగారు పెసరట్లు పోస్తున్నారు. అల్లం, జీలకర్ర వాసన గుమ్మం దాకా వస్తోంది. నా ప్లేట్లో అట్టు వేసి, ఒక కవరు తెచ్చి పక్కన పెట్టారు. "కమిటీ వాళ్ళది. ఏం రాశారో చదువమ్మా" అన్నారు.

చదివాను. అజాగ్రత్తగా విగ్రహానికి నష్టం కలిగించినందుకు ఆయన్ని పనిలోంచి తీసేస్తున్నారు. వీసా స్పాన్సర్‌షిప్ ఆపేస్తున్నారు. నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేయాలి. ఇదంతా నేను తెలుగులో, మాట మాటా ఆయనకి చెప్పాలి. చెప్పాను. 

"మావాళ్ళ కాగితాలు కూడా ఆగిపోతాయా?"

"అవునండీ."

"నేనే విరగ్గొట్టానని రాశారా?"

"అవునండీ."

ఆయన పొయ్యి కట్టేశారు. "పోన్లే. నువ్వు చదివావు కాబట్టి అందులో పొరపాటు ఉండదు" అన్నారు. ఆ తర్వాత నా ప్లేటు చూసి, "తినమ్మా, చల్లారిపోతుంది" అన్నారు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంది? వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. ఒక్క వాక్యం చాలు. నేను అట్టు తిన్నాను.

ఆయన్ని ఎయిర్‌పోర్టులో దింపింది మా నాన్నే. కమిటీలో ఇంకెవరికీ తీరిక లేదన్నారు. దారిలో చెబుదామని రెండుసార్లు కారు పక్కకి ఆపాడట, నోరు పెగల్లేదట. పైగా పంతులుగారు దిగేటప్పుడు నాన్న రెండు చేతులూ పట్టుకుని, మీ ఇంటి పెరుగు తిని బతికాను బాబూ అన్నారట. నాన్న ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. అమ్మవారిని పెద్ద సరస్సులో నిమజ్జనం చేసి, ఇండియాలో కొత్త విగ్రహం చేయించారు.

ఇంటర్వ్యూ బాగానే అయింది. కార్డులు వచ్చాయి. అమ్మ పాయసం చేసింది. నాన్న డాక్టరుగారి దగ్గరికి వెళ్ళలేదు. నేను ఒకసారి గుర్తుచేస్తే, "ఇప్పుడు చెప్తే ఆయన ఉద్యోగం తిరిగొస్తదా?" అని మొహం తిప్పుకున్నాడు. నేను రెండోసారి అడగలేదు. మా కాగితాలు నిలబెట్టుకోవడానికి ఆయన కాగితాలు పోనిచ్చాం. దానికి ఇంకే పేరు పెట్టినా అబద్ధమే. నాన్న ఇప్పుడు రిటైర్ అయి, ప్రతి శనివారం గుడికి వెళ్ళి నేల తుడిచి వస్తాడు. భక్తి అని అందరూ మెచ్చుకుంటారు. నాన్నని తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. ఆ రోజు ఆ గోడ ముందు నిలబడి, తెలిసి మాట మింగినదాన్ని నేను.

పంతులుగారు ఏటా ఉగాదికి అమ్మకి ఫోన్ చేస్తూనే ఉన్నారు. "అమ్మడు ఏం చేస్తోంది?" అని అడుగుతారట. అమ్మ ఫోన్ ఇవ్వబోతే, నేను స్నానానికి వెళ్ళాననో, బయట ఉన్నాననో చెప్పించేదాన్ని. ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

మంగళవారం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, అమ్మనడిగి ఆయన నంబరు తీసుకున్నాను. అక్కడ తెల్లారి పూజలయ్యే వేళ దాకా ఆగి ఫోన్ చేశాను. ఆయనే ఎత్తారు. గొంతు వణుకుతోంది, చెవులు కూడా సరిగా వినబడటం లేదు. నేనెవరో చెప్పగానే "అమ్మడూ!" అని కేకేశారు. ఏ గుళ్ళో చేస్తున్నారండీ అని అడిగాను, ఏదో ఒక మాట అనాలి కాబట్టి.

"గుడా? అక్కణ్ణించి వచ్చాక నేను ఏ విగ్రహాన్నీ ముట్టుకోలేదు తల్లీ. అమ్మవారిని విరిచిన చేత్తో అభిషేకం ఎలా చేస్తాను? ఒక సత్రంలో వంట చేశాను ఇన్నాళ్ళూ. అమెరికా పంపితే ఇదా మీరు చేసుకొచ్చింది అని మా ఆవిడ ఈనాటికీ అంటూనే ఉంటుంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

అప్పుడు చెప్పాను. తుపాకి, గోడ, కాగితం, పూస, నా అబద్ధం, అన్నీ. ఆయనకి వినబడటం లేదని ప్రతి మాటా గట్టిగా, రెండేసి సార్లు చెప్పాల్సి వచ్చింది. పక్క గదిలోంచి మా పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను ఆపలేదు. ఏడుస్తూనే చెప్పాను.

పూస అంటే ఆ గడ్డిలో దొరికిందేనా అని ఒకసారి అడిగారు. అవునన్నాను.

"అయితే నా చెయ్యి కాదా తల్లీ?" అన్నారు చివరికి.

"కాదండీ. మీ చెయ్యి కాదు."

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడైంది. ఆ ముసలి గొంతుతో ఆయన ఇంట్లోకి గట్టిగా అరవడం వినిపించింది. "ఏమేవ్! విన్నావా? నా చెయ్యి కాదట! నా చెయ్యి కాదట!"

ఎవరో మెల్లగా నడిచి వస్తున్న అడుగుల చప్పుడు. ఆయన ఆవిడకి గబగబా ఏదో చెబుతున్నారు, సగమే అందుతోంది నాకు. ఆవిడ గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"ఇప్పుడా చెప్పడం?" అంది ఆవిడ.

ఆయన ఏం జవాబు చెప్పారో నాకు వినిపించలేదు. మళ్ళీ ఫోన్ తీసుకుంటారని అలాగే పట్టుకుని కూర్చున్నాను.